క్రమ సంఖ్య 118: చెట్టు, ఎండినది, ఒకటి

ఎండిన చెట్టును ఎండిన రోజే కొట్టేయాలి. ఆలస్యం చేస్తే అందులో ప్రాణం చేరుతుంది!

ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు మాటల అర్థాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఏ మాటైనా వాడే ముందు అటూ ఇటూ తిప్పి చూసుకోవడం నాకు అలవాటు. అలా చూసుకునే చెబుతున్నాను. ఎక్కడ ఎండిన చెట్టు కనిపించినా రంపం పట్టుకుని పరిగెత్తే శుభ్రతా ఉద్యమం ఒకటి ఈమధ్య ఊపందుకుంది చూశారూ, అది మనకు దొరికిన వరం. దాన్ని ఎవరు విమర్శించినా నేను ఒప్పుకోను.

బతికున్న చెట్టు బుద్ధిగా ఉంటుంది. ఆకులు వేస్తుంది, నీడ ఇస్తుంది, ఫొటోలో పచ్చగా పడుతుంది. దాని చెక్క గట్టిగా ఉంటుంది కనక పిట్టలు అంత తేలిగ్గా తొలవలేవు. కొమ్మ మీద కూర్చుని నాలుగు కూతలు కూసి వెళ్ళిపోతాయి. చుట్టం చూపుగా వచ్చి వెళ్ళేవాళ్ళతో ఎవరికీ ఇబ్బంది లేదు కదా!

చచ్చిన చెట్టుకు ఆ క్రమశిక్షణ ఎక్కడిది? లోపల్లోపల మెత్తబడుతుంది. మెత్తబడ్డవాళ్ళ దగ్గరికి ఎవరు పడితే వాళ్ళు చేరిపోవడం మనుషుల్లో మనం చూస్తున్నదే.

మా బడినే చూడండి. సైకిల్ స్టాండు వెనక ఒక పెద్ద చెట్టు ఉండేది. నాలుగేళ్ళ కిందట ఎండిపోయింది. ఎందుకు ఎండిపోయిందని ఎవరూ అడగలేదు. దాని వేళ్ళ మీద సిమెంటు పోసి సైకిల్ స్టాండు కట్టింది మేమే. అడిగితే బాగుండదు.

ఎండిన ఏడాదే వడ్రంగి పిట్ట వచ్చింది. ప్లాను లేదు. పర్మిషన్ లేదు. తరగతులు జరుగుతున్నాయన్న ఇంగితం లేదు. పదిహేను రోజులు టకటకమని తొలిచి, రూపాయి బిళ్ళ పెట్టి గీసినంత గుండ్రంగా గుమ్మం పెట్టుకుంది. పిల్లల్ని పెంచుకుంది. ఎగిరిపోయింది. మరుసటి ఏడాది మళ్ళీ వచ్చింది కానీ పాత ఇంట్లో దిగదట! ఏం డాబు! నాలుగడుగుల పైన ఇంకోటి తొలుచుకుంది.

పాత ఇంట్లో గోరింకలు దిగాయి. గోరింకకు నోరే కానీ చెక్క తొలిచే ముక్కు లేదు. ఇంకొకరు కట్టి వదిలేసిన ఇల్లు దొరకాలి. దొరక్కపోతే ఆ ఏడాది పిల్లలు లేరు. రామచిలుకల సంగతీ దాదాపు అంతే. పచ్చ కోటు, ఎర్ర ముక్కు, మెడకు పట్టీ, ఇంత షోకు చేసుకుని చివరికి చూస్తే ఉండేది పాత తొర్రలో! మూడో ఏడాదికి విరిగిన కొమ్మ మొదట్లో ఒక చిన్న గుడ్లగూబ జంట కాపురం పెట్టింది. పగలంతా కళ్ళు మూసుకుని కూర్చోవడమే వాటి ఉద్యోగం. మా స్టాఫ్ మీటింగులో అలాంటివాళ్ళు ఐదుగురు ఉన్నారు. వాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఇక బెరడు ఊడిన సందులో గబ్బిలాలు. తలకిందులుగా వేలాడతాయి. బడి ఆవరణలో ఇదేం పద్ధతి?

నాలుగేళ్ళలో ఆకు ఒక్కటి కూడా వేయని చెట్టు ఇంతమందిని పోగు చేసింది. ఎండిన రోజే కొట్టేసి ఉంటే ఈ తలనొప్పి ఉండేదా?

ఈ సంగతి మా హెడ్మాస్టరు గారికి ఈ ఏడాది అర్థమైంది. మా బడి 'గ్రీన్ క్యాంపస్' పోటీలో నిలబడింది. శుక్రవారం ఇన్‌స్పెక్షన్. పచ్చదనానికి ఆయన పడుతున్న శ్రమ చూస్తే కళ్ళు చెమరుస్తాయి. గోడలకు పచ్చరంగు వేయించారు. ఆఫీసు ముందు మట్టి తీసేసి పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. ఆ గడ్డిని పొద్దున్నే తడిగుడ్డతో తుడిపిస్తున్నారు. పక్షుల మీద ప్రేమతో పది ప్లాస్టిక్ గూళ్ళు తెప్పించి లైటు స్తంభాలకు తీగతో కట్టించారు. ఒక్కో గూటి మీద మా బడి పేరు, కింద ఫోను నంబరు. కట్టి రెండు నెలలైంది. ఇంతవరకూ ఒక్క పిట్టా వాటిలోకి వెళ్ళి వాటిని పాడు చేయలేదు. ఎంత శుభ్రంగా ఉన్నాయో!

'పక్షులను కాపాడుదాం' అని ఒక బోర్డు కూడా రాయించారు. దాన్ని ఎక్కడ కొట్టాలి? బతికున్న చెట్టుకు మేకు కొట్టకూడదని గ్రీన్ క్యాంపస్ నిబంధన. అందుకని ఎండిన చెట్టుకు కొట్టారు. ఆ చెట్టు వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు ఇది.

బోర్డు కొట్టిన మర్నాడే ఆయనకు అనుమానం వచ్చింది. "మాస్టారూ, ఇంత పచ్చగా చేశాక మధ్యలో ఈ మోడేమిటండీ? ఎలా కనిపిస్తుంది వాళ్ళకి?" అన్నారు నాతో.

"ఎండినట్టు కనిపిస్తుందండీ," అన్నాను.

"అదే కదా నా బాధ!"

సోమవారం పొద్దున రంపం మిషనుతో ఒకాయన వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగాడు. చేత్తో తట్టి, "డొల్ల. అరగంట పని," అన్నాడు. మిషను తాడు లాగబోతుండగా మా గుమస్తా ఒక లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి.

"ఆగవయ్యా! ఆగు! సార్, అది కొట్టడానికి లేదండీ. అది డెడ్ స్టాకులో ఉంది!"

బడుల్లో, ఆఫీసుల్లో పని చేయనివారి కోసం డెడ్ స్టాక్ అంటే ఏమిటో చెప్పాలి. సుద్దముక్క వాడితే అరిగిపోతుంది. సిరా అయిపోతుంది. అలాంటివాటికి ఒక పుస్తకం. బల్ల, కుర్చీ, గడియారం, గ్లోబు లాంటివి వాడినా అలాగే ఉంటాయి. వాటికి వేరే పుస్తకం. దాని పేరు డెడ్ స్టాక్ రిజిస్టర్. అందులో ఒకసారి ఎక్కిన వస్తువు కుంటిదైనా, గుడ్డిదైనా, దాన్ని పారేయడం ఎవరి తరమూ కాదు. ఆ వస్తువు ఇక వాడుకలో లేదని స్టాకు ఇన్‌చార్జి స్వయంగా చూసి రాసి సంతకం పెట్టాలి. దాని కింద హెడ్మాస్టరు సంతకం పెట్టాలి. మా స్టోరు గదిలో మూడు కాళ్ళ కుర్చీ ఒకటి నేను చేరకముందు నుంచీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దాని వాడుక గురించి రాసే ధైర్యం ఎవరికీ రాలేదు.

"చెట్టు డెడ్ స్టాకులో ఉండడమేమిటయ్యా! పొద్దున్నే ఏమైనా పట్టించావా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

గుమస్తా పుస్తకం తెరిచి రంపం మిషను మీదే పెట్టాడు. గ్లోబు, 116. తూకం రాళ్ళ పెట్టె, 117. దాని కింద:

118. చెట్టు, ఎండినది. ఎన్ని: 1. ఉన్న చోటు: సైకిల్ స్టాండు వెనక. స్థితి: వాడుకలో ఉంది.

పక్కన ఏటేటా స్టాకు చూసినప్పుడు రాసిన మాటలు, పొందికైన చిన్న అక్షరాల్లో. మొదటి ఏడు: 'వాడుకలో ఉంది. వడ్రంగి పిట్టలు ఒక జత.' రెండో ఏడు: 'వాడుకలో ఉంది. వడ్రంగి పిట్టలు పై ఇంటికి మారాయి. కింది ఇంట్లో గోరింకలు.' మూడో ఏడు: 'వాడుకలో ఉంది. నాలుగు కాపురాలు. గబ్బిలాలు లెక్కకు దొరకలేదు. ఖాళీ లేదు.'

మూడు చోట్లా కింద హెడ్మాస్టరు గారి సంతకం ఉంది. చదవకుండా సంతకం పెట్టే ధీరత్వం ఆయనది. దాని విలువ నాకు ఆ రోజే తెలిసింది.

నాలుగో గడి ఖాళీగా ఉంది.

"ఎవరు రాశారయ్యా ఇది?" అన్నారు ఆయన.

గుమస్తా చెప్పుల వైపు చూసుకున్నాడు. "మేడం గారండీ."

అందరూ నా వైపు చూశారు. రంపం ఆయన కూడా ఎందుకో తెలియకుండానే చూశాడు.

మేడం గారు అంటే మా బడి సైన్సు టీచరు. పద్దెనిమిదేళ్ళు స్టాకు ఇన్‌చార్జి. నా భార్య. పోయిన ఏడాది పరీక్షల ముందు పోయింది. స్టోరు తాళాలు ఆవిడ సంచీలో, ఆవిడ సంచీ మా ఇంట్లో ఉండిపోవడం వల్ల ఆ చార్జి నాకు ఇచ్చారు. ఖాళీగా ఉన్న నాలుగో గడి నింపాల్సింది నేను.

హెడ్మాస్టరు గారు మంచివారు. గొంతు తగ్గించి, "పాపం, మేడం గారు ఏదో పొరపాటున రాసుంటారు లెండి. డెడ్ స్టాకంటే చచ్చినవన్నీ అందులో రాయాలనుకుని ఉంటారు. ఏముంది మాస్టారూ, 'పొరపాటున నమోదైనది, వాడుకలో లేదు' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. బుధవారం కొట్టించేస్తాను," అన్నారు.

పొరపాటు! నేను భాషా బోధకుణ్ణి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా ఉత్తరాల్లో ఒత్తులు దిద్దింది సైన్సు టీచరు. బజారు చీటీలో 'ఉల్లిపాయలు, తగినన్ని' అని రాస్తే 'తగినన్ని అంటే ఎన్ని?' అని చీటీ వెనక్కి ఇచ్చిన మనిషి. అలాంటి మనిషికి డెడ్ స్టాకు అంటే ఏమిటో తెలియక పొరపాటు పడిందని నా చేత్తో నేను, ఆవిడ అక్షరాల కిందే రాయాలి.

అయినా ఉద్యమం మీద నా గౌరవం తగ్గలేదని పాఠకులు గమనించాలి.

ఎందుకంటే ఆ ఉద్యమం మా ఇంట్లోనూ నడుస్తోంది. మా అక్క వచ్చి ఉంది. నన్ను చూసుకోవడానికి వచ్చానంటుంది. చూసుకుంటున్నది మాత్రం బీరువాని. సోమవారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి హాలు మధ్యలో మూడు సంచులు ఉన్నాయి.

"ఒరేయ్, ఎన్నాళ్ళురా ఇలా? వాడని వస్తువులు ఇంటినిండా పెట్టుకుని కూర్చుంటే మనసు తేలికవుతుందా?" అంది.

"తేలికవ్వాలని ఎవరన్నారక్కా?"

"అదిగో, మాటకు మాట! ఇదిగో, ఈ గొడుగు చూడు. పూలగొడుగు. ఎవరు వేసుకుంటారు?"

"నేనే. మొన్న కూడా వేసుకెళ్ళాను."

"పిల్లలు నవ్వలేదూ?"

"నవ్వారు. బాగా నవ్వారు."

అక్క గొడుగు పక్కన పెట్టింది. రెండో సంచీలోంచి చెప్పుల జత తీసింది. గుమ్మం పక్కన ఉండే జత అది. "మరి ఇవి? ఇవి కూడా నువ్వే వేసుకుంటావా?"

ఆ చెప్పులు ఎవరూ వేసుకోరు. అక్క వాటిని మళ్ళీ సంచీలో పెట్టి పైన చీర కప్పింది.

అక్కది అన్యాయం అని నేను అనను. ఆమె తర్కం గ్రీన్ క్యాంపస్ తర్కమే. చూస్తే బాధ కలిగించేదాన్ని కళ్ళ ముందు నుంచి తీసేయాలి. ఎంత సూటిగా ఉంది!

అసలు ఈ వ్యవహారంలో తప్పంతా భాషది. మనిషి చనిపోతే 'పోయారు' అంటాం. ఎక్కడికి అని ఎవరూ అడగరు. వెళ్ళినవారు మర్యాదగా వెళ్ళిపోయారు, చోటు ఖాళీ అయింది, మనం తుడుచుకోవచ్చు. చెట్టుకు ఆ మర్యాద తెలియదు. చచ్చాక కూడా పోదు. నిలబడిన చోటే నిలబడి ఉంటుంది. ఇంత మొండితనాన్ని పౌరసమాజం ఎలా సహిస్తుంది?

స్టాఫు రూములో మా డ్రిల్లు మాస్టారు ఈమధ్య ఎవరితోనో, "పాపం, మాస్టారు మోడులా అయిపోయారు," అన్నాడు. నేను తలుపు అవతల ఉన్నాను. బాధపడలేదు. అయితే వృత్తిరీత్యా అభ్యంతరం ఉంది. ఉపమాలంకారంలో రెండింటికీ సమాన ధర్మం ఉండాలి. ఆ మోడులో నాలుగు కాపురాలు ఉన్నాయి. నాలో ఉన్న ఒక్కటీ పోయింది. పోలిక కుదరలేదు. మార్కులు ఇవ్వలేను.

బుధవారం వచ్చింది. రిజిస్టరు తీసుకుని, గుమస్తాను వెంటబెట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాను. రంపం ఆయన సైకిల్ స్టాండు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నిబంధన ప్రకారం ఇన్‌చార్జి వస్తువును స్వయంగా చూడాలి. బల్లనైతే ఊపి చూస్తాం. గడియారాన్నైతే చెవి దగ్గర పెట్టుకుంటాం. చెట్టును ఎలా చూడాలో నిబంధనల్లో లేదు.

"ఆవిడ ఎలా చూసేదయ్యా?" అని అడిగాను గుమస్తాను.

"మేడం గారా? తట్టేవారండీ."

"తట్టడమేమిటి?"

"తలుపు తట్టినట్టు, మెల్లిగా. మూడుసార్లు. తట్టి పక్కకు జరిగి నిలబడేవారు. ఎదురుగా నిలబడితే మొహమాటపడతారండి, బయటికి రారు అనేవారు."

ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా నాకు తెలియని సంగతి ఒకటి, గుమస్తా దగ్గర ఇన్నాళ్ళూ భద్రంగా ఉంది.

బోర్డు కింద, చెక్క మీద మూడుసార్లు తట్టాను. పక్కకు జరిగాను. కాసేపు ఏమీ లేదు. రంపం ఆయన నవ్వు ఆపుకుంటున్నాడు. అప్పుడు విరిగిన కొమ్మ మొదట్లోంచి గుండ్రటి మొహం ఒకటి నిద్ర చెడిన కోపంతో బయటికి వచ్చింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. దాని పక్కనుంచి ఇంకొకటి, ఇంకా చిన్నది, దూది ఉండలా ఉంది. దాని వెనక ఇంకో దూది ఉండ, అందరి వెనకా ఇంకో పెద్ద మొహం.

గుమస్తా గబుక్కున గొంతు తగ్గించాడు. "సార్, లోపల ఎవరో ఉన్నారండి."

'ఎవరో ఉన్నారండి' అన్నాడు. 'ఏదో ఉంది' అనలేదు. ముప్పై ఏళ్ళుగా వ్యాకరణం చెబుతున్నాను, మహద్వాచకం ఇంత సరిగ్గా వాడిన వాక్యం వినలేదు.

పైన చిలుకలు అరిచాయి. ఇంకా పైనున్న కొత్త గుమ్మంలోంచి వడ్రంగి పిట్ట తల బయటపెట్టింది. కింది గుమ్మం దగ్గర గోరింక నోట్లో పురుగు పట్టుకుని మమ్మల్ని తిట్టింది. అన్నీ కలిపి అరనిమిషం పట్టి ఉంటుంది. రంపం ఆయన గట్టు దిగి వచ్చి, తలెత్తి చూసి, మిషను మూతికి తొడుగు వేసేశాడు. "ఇది నా వల్ల కాదండీ, పిల్లలున్నారు," అని వెళ్ళిపోయాడు.

గుమస్తా రిజిస్టరు వీపు మీద పెట్టుకుని వంగాడు. నేను పెన్ను తీశాను. హెడ్మాస్టరు గారు చెప్పిన వాక్యం నాకు గుర్తుంది. 'పొరపాటున నమోదైనది, వాడుకలో లేదు.' వ్యాకరణపరంగా దోషమేమీ లేని వాక్యం. నాలుగో గడిలో ఇలా రాశాను:

'వాడుకలో ఉంది. పై ఇల్లు చిలుకలు. కింది ఇల్లు గోరింకలు. విరిగిన కొమ్మ: గుడ్లగూబలు, ఇద్దరు పెద్దలు, పిల్లలు కనీసం ఇద్దరు. వడ్రంగి పిట్టలు ఇంకా పైకి మారాయి. గబ్బిలాలు ఈ ఏడాది కూడా లెక్కకు దొరకలేదు. గత మూడేళ్ళ నమోదులో పొరపాటు ఏదీ కనబడలేదు.'

గడి సరిపోలేదు. చివరి వాక్యం పక్క గడిలోకి వెళ్ళింది. ఆవిడైతే సరిపోయేలా రాసేది.

మధ్యాహ్నం పుస్తకం హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు కొట్టాలా వద్దా అని ఫోనులో ఎవరినో అడుగుతున్నారు. "రాసేశారా? హమ్మయ్య!" అని, ఫోను చెవికి పెట్టుకునే, ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు. శుక్రవారం వాళ్ళు వచ్చి ఏమంటారో నాకు తెలియదు. 118 మీద మాత్రం వచ్చే ఏడాది దాకా ఎవరూ చెయ్యి వేయలేరు. చదవకుండా సంతకం పెట్టేవాళ్ళ మీద ఇంకెప్పుడూ జోకులు వేయకూడదని నిర్ణయించుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఒక తెల్ల కాగితం తీసి గీతలు గీశాను. క్రమ సంఖ్య, వస్తువు, ఎన్ని, ఉన్న చోటు, స్థితి. మూడు వరుసల్లో మూడు వస్తువులు. పూలగొడుగు. స్టోరు తాళాలున్న సంచీ. చెప్పులు, ఒక జత, గుమ్మం పక్కన. మూడింటి ఎదురుగానూ ఒకటే మాట రాసి, "అక్కా, ఇక్కడ సంతకం పెట్టు," అన్నాను.

"ఇదేమిట్రా?"

"స్టాకు వెరిఫికేషను. చదవనక్కర్లేదు. పెద్దవాళ్ళు చదవకుండానే పెడతారు."

మా అక్క కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. చెప్పుల దగ్గర ఆగింది. కాగితం మడిచి తన దగ్గరే ఉంచుకుంది, సంతకం పెట్టలేదు. తర్వాత సంచీలోంచి ఆ జత తీసి గుమ్మం పక్కన పెట్టింది. తొందరలో ఎడమది కుడివైపు పెట్టింది. ఆమె వంటింట్లోకి వెళ్ళాక నేను సరిచేశాను.

కనక పాఠకులారా, నా వాదనలో మార్పు లేదు. ఎండిన చెట్టును ఎండిన రోజే కొట్టేయాలి. మీ వీధిలో, మీ ఆఫీసు వెనక అలాంటిది ఏదైనా మొండిగా నిలబడి ఉంటే వెంటనే రంపం తెప్పించండి. పెద్ద పని కాదు, అరగంట.

కొట్టే ముందు ఒక్కసారి తలుపు తట్టండి. మూడుసార్లు, మెల్లిగా. తట్టి పక్కకు జరగండి. ఎదురుగా నిలబడితే మొహమాటపడతారు.